పెదాల మీద కనబడని అక్షరం

బ్రాక్‌రిగ్ గ్రామం,
19 మే 1954

క్లారాకి,

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఇరవై రెండేళ్ళు ఎదురెదురు మగ్గాల మీద నిలబడ్డాం. ఆ మోతలో పెదాలు చూసుకుంటూ మాట్లాడుకున్నాం, గొంతే అవసరం పడలేదు, ఇప్పుడు కలమూ సిరా కావలసి వచ్చాయి. అక్షరాలు వంకరగా ఉంటే నవ్వకు.

క్షేమంగా చేరాను. బస్సు దిగేసరికి వాన, మరుసటి రోజూ వానే, ఇవాళ మాత్రం ఎండ వచ్చి చెరువు అద్దంలా మెరుస్తోంది. కొండలన్నీ తలకిందులుగా అందులోనే ఉన్నాయి. పట్నాల నుంచి వచ్చినవాళ్ళు వంతెన మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. నేను దిగిన ఇల్లు టైసన్ గారిది. ఆవిడ మంచి మనిషే, కాని పలకరిస్తే పొడిగా రెండు ముక్కలు. ఆవిడ మామగారు జోస్ తాత, ఎనభై దాటాయి, పొయ్యి పక్కన కూర్చుని ఉంటాడు. ఆయన కాళ్ళ దగ్గర ఒక ముసలి గొర్రెల కుక్క. దాన్ని ‘పిల్లా’ అంటాడు. మొదటిరోజు ‘పిల్లా, ఇలా రా’ అంటే నన్నే అనుకుని వెళ్ళాను! ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, “నువ్వు కాదమ్మా. అయినా వచ్చావుగా, కూర్చో” అన్నాడు.

దగ్గు కొంచెం తగ్గింది. ఆరు వారాలు దూది లేని గాలి పీలిస్తే చాలని మన డాక్టరు అన్నాడు కదా. చాలుతుందో లేదో. నాకు ఇక్కడ నిశ్శబ్దమే పడటం లేదు. మగ్గాల మోత లేకపోతే నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది, అది సరిగ్గా కొట్టుకుంటోందా అని లెక్కపెడుతూ కూర్చుంటున్నాను.

ఇంకో సంగతి. ఇక్కడ ఎవరూ పెదాల మాట చదవలేరు. టీ కొట్టు అద్దం వెనక ఎవరేం మాట్లాడుకున్నా నాకు తెలిసిపోతోంది. నిన్న ఒకావిడ తన మొగుడితో, “ఆ బూడిద రంగు కోటు ముసలిదాన్ని చూడు, దెయ్యంలా ఉంది” అంది. కోటు నాదే.

నీ
పాలీ

బర్న్‌లీ,
23 మే

పాలీ,

నీ కోటు గురించి ఆవిడ అన్నది నిజమే, నేను పదేళ్ళుగా అంటున్నాను. అక్కడ నీకేం పని? చెరువు చూడు, మీగడ తిను, ఇతరుల నోళ్ళు చదవడం మానెయ్. మిల్లులో అయితే అది బతుకుతెరువు, అక్కడ అయితే చాటుగా వినడమే.

నీ మగ్గాలు ఇంకొకరికి ఇచ్చారు, చెప్పకుండా దాచేదాన్ని కాని నీకు ఎలాగూ తెలుస్తుంది. పందొమ్మిదేళ్ళ పిల్ల, పేరు మావిస్. పోగు తెగితే కట్టడం వచ్చు, మాట చదవడం రాదు. నేను ఏం చెప్పినా నోరు తెరిచి చూస్తుంది. పాఠం మొదలుపెట్టాను. నీకు నేర్పినట్టే చెప్పాను: ప, బ, మ ముగ్గురూ కవలలు, ఒకటే మొహం, పేరు అడక్కుండా పిలవకు. క అయితే గొంతులో దాక్కుంటుంది, పెదాల మీదికి రాదు, దాన్ని వెతకొద్దు, వెనకాముందూ చూసి ఊహించుకో. ఆ పిల్ల, “అయితే సగం ఊహేనా అక్కా?” అని అడిగింది. సగం కంటే ఎక్కువే అన్నాను.

నువ్వు లేకపోతే ఎదుట గోడ చూస్తున్నట్టుంది. ఇది చదివి ఏడవకు. గుండె లెక్కపెట్టడం మానెయ్.

క్లారా

బ్రాక్‌రిగ్,
2 జూన్

క్లారా,

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, నువ్వే చెప్పు.

నిన్న పొద్దున నా గది కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. ఒక పెద్దమనిషి కారు దిగి లోపలికి వచ్చాడు, చేతిలో నల్ల సంచీ. కింద వంటింట్లో పావుగంట ఉన్నాడు. తరవాత టైసన్ గారు ఆయన్ని గేటు దాకా సాగనంపింది. ఆవిడ వీపు నావైపు, ఆయన మొహం నావైపు. మధ్యలో పూల మొక్కలు, అంతే. మన మగ్గాల షెడ్డులో మన మధ్య ఉండే దూరమే.

ఆయన అన్నాడు: “పాలీకి ఇంక ఎక్కువ రోజులు లేవండీ. గుండె అయిపోయింది. గొర్రెల బొచ్చు కత్తిరింపు దాకా ఉంటే గొప్పే.”

ఆవిడ ఏదో అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపి, “ఇప్పుడే చెప్పకండి. ఇష్టమైనవి తిననివ్వండి. మరీ బాధపడితే కబురు చేయండి, ఒక సూది ఇస్తే హాయిగా నిద్రపోతుంది” అన్నాడు.

ఆ తరవాత కారెక్కి వెళ్ళిపోయాడు. నేను మంచం మీద కూర్చున్నాను.

నన్ను పరీక్షించకుండా ఎలా తెలుస్తుంది అని నువ్వంటావు. మన డాక్టరు ఉత్తరం రాసి ఉంటాడు. నాతో ఆరు వారాల గాలి అన్నాడు, ఇక్కడి ఆయనకి నిజం చెప్పి ఉంటాడు. అందుకే నన్ను ఇంత దూరం పంపారు. ఇవాళ పొద్దున భోజనంలో టైసన్ గారు నా పళ్ళెంలో రెండో గుడ్డు పెట్టింది. అడగకుండానే! సాయంత్రం అల్లం రొట్టె కోసి, “మొహం పాలిపోయింది, తినమ్మా” అంది. పొడిగా రెండు ముక్కలు మాట్లాడే మనిషి ‘అమ్మా’ అంది.

బొచ్చు కత్తిరింపు ఎప్పుడని జోస్ తాతని అడిగాను. “జులై మొదట్లో. ఎందుకూ, నువ్వు కూడా కత్తిరించుకుంటావా?” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పాలీ

బర్న్‌లీ,
4 జూన్

ఒసే పాలీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వెంటనే కిందికి దిగి టైసన్ గారిని మొహం మీద అడుగు. “నేను చచ్చిపోతున్నానా?” అని అడుగు. ఎందుకు అడగవు? మగ్గాల మేస్త్రీలందరినీ నోరెత్తకుండా చేసిన దానివి, ఒక ఇల్లాలిని అడగలేవా?

నేను మన డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన ఊళ్ళో లేడట, సోమవారం దాకా రాడట. ఆయన దగ్గర పనిచేసే అమ్మాయి నీ కాగితాలు చూపించనంది. నేను గొంతు పెంచాను. ఆమె తలుపు వేసేసింది.

నేను వచ్చేస్తాను అని రాద్దామనుకున్నాను, కాని మిల్లు మూసే సెలవుల వారం దాకా మేనేజరు కదలనివ్వడు. దానికి ఇంకా నాలుగు వారాలుంది. అడుగు. అడిగి ఆ రోజే రాయి. ఇవాళ మగ్గం మీద రెండు నాడెలు విరగ్గొట్టాను.

క్లారా

బ్రాక్‌రిగ్,
7 జూన్

క్లారా,

అడగలేదు. అడిగితే ఆవిడ నిజం చెప్తుందేమోనని భయం. వంటింటి దాకా మూడుసార్లు వెళ్ళి, ఉప్పు కావాలని, సూది కావాలని, మూడోసారి ఏమీ అడగకుండా వచ్చేశాను.

కాని ఒక పని మాత్రం చెయ్యకుండా పోకూడదు. కూర్చుని చదువు.

పద్దెనిమిదేళ్ళ కిందట, నిన్ను పెళ్ళి చేసుకుంటానన్న వాల్టర్ కెనడా వెళ్ళిన రోజు. మిల్లులు మూతపడుతున్నాయి, పని దొరికితే నిన్నూ పిలిపిస్తానని అప్పటిదాకా అంటూ వచ్చాడు. రైలు కిటికీ తలుపు బిగుసుకుపోయి తెరుచుకోలేదు. అద్దం వెనక నుంచి నీతో ఏదో అన్నాడు. నువ్వు ఏడుస్తున్నావు. రైలు కదిలాక నా చెయ్యి పట్టుకుని, “ఏమన్నాడే? నాకు కనబడలేదు” అన్నావు.

“ఎదురు చూడు అన్నాడు” అని చెప్పాను.

అది అబద్ధం. వాడు “ఎదురు చూడకు” అన్నాడు. క కనబడదు కదా, నువ్వెలా చదివావంటావేమో. ఆ మాట అంటూ తల అడ్డంగా ఊపాడు. రెండుసార్లు.

నీ మీద జాలిపడి అలా చెప్పానని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. అది సగమే. నువ్వు బ్లాక్‌పూల్‌లో మీ పిన్ని దగ్గరికి వెళ్ళిపోతానని అంతకు ముందు వారమే అన్నావు, వాల్టర్ లేకపోతే ఈ ఊళ్ళో నాకేముంది అన్నావు. ఎదురు చూడమన్నాడంటే నువ్వు కదలవని నాకు తెలుసు. నా ఎదుట మగ్గం మీద ఇంకెవరి మొహాన్నీ ఊహించుకోలేకపోయాను. అందుకే అన్నాను.

నువ్వు ఉండిపోయావు. వాడు రాసినవి రెండే ఉత్తరాలు. తరవాత మేస్త్రీ స్టాన్లీ నిన్ను అడిగితే కాదన్నావు. నువ్వు కాదన్న రోజు నేను సంతోషించాను, అది కూడా రాసేస్తున్నాను. నీకు ఒక ఇల్లూ పిల్లలూ లేకపోవడానికి కారణం నా ఒక్క మాట.

క్షమించమని అడగను. అడగడానికి నాకు సమయం లేదు, క్షమించడానికి నీకూ లేదు. నా కుర్చీ, గోడ గడియారం నీవి. బూడిద కోటు ఎవరికీ ఇవ్వకు, నీకు అది నచ్చదని తెలుసు.

పాలీ

బ్రాక్‌రిగ్,
9 జూన్

క్లారా,

సోమవారం రాసిన నా ఉత్తరం ఇంకా విప్పకపోతే, విప్పకు. పొయ్యిలో పడెయ్. దండం పెడతాను.

నేను చావడం లేదు.

నిన్న మధ్యాహ్నం పెరట్లోకి వెళ్తే జోస్ తాత గోడవార నేల మీద కూర్చుని ఉన్నాడు, కుక్క తల ఒళ్ళో పెట్టుకుని. అది ఊపిరి అందక రొప్పుతోంది. నన్ను చూసి, “పశువుల డాక్టరుకి కబురు పెట్టారమ్మా. కోడలు నాకు ఇన్నాళ్ళూ చెప్పలేదు, చూశావా? నాకు తెలియదనుకుంది. పదమూడేళ్ళుగా నా మాలీ ఊపిరి నాకు తెలియదా?” అన్నాడు.

“మాలీ ఎవరు తాతా?” అని అడిగాను.

“ఇంకెవరు, ఇదే.”

అప్పుడు ఆ నల్ల సంచీ మనిషి గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. ప, బ, మ ముగ్గురూ కవలలని నువ్వు నాకు పందొమ్మిదేళ్ళ మావిస్‌కంటే ముందే నేర్పావు. నేను మరిచిపోయాను. నా పేరు కనబడగానే ఇంకేమీ చూడలేదు.

క్లారా, నేను నవ్వేశాను. ఆ ముసలాయన కన్నీళ్ళ ముందు, పైకే నవ్వేశాను. ఆయన నన్ను చూసిన చూపు ఈ జన్మలో మరిచిపోలేను. తరవాత ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాను, సూది ఇచ్చేదాకా, ఇచ్చాక కూడా. టైసన్ గారికి అంతా చెప్పాను. ఆవిడ వంటగుడ్డతో కళ్ళు తుడుచుకుంటూనే, “అందుకా తల్లీ, ఆ రోజు మొహం అలా పాలిపోయి ఉంటే నా వంట నచ్చలేదేమోనని రెండో గుడ్డు పెట్టాను” అంది.

అప్పుడు నీకు రాసిన ఉత్తరం గుర్తొచ్చింది. పోస్టాఫీసుకి పరుగెత్తాను, దగ్గుతూనే. పోస్టాఫీసావిడ, “సోమవారం సంచీ సోమవారమే వెళ్ళిపోయిందమ్మా, మీది ఈపాటికి అందే ఉంటుంది. టెలిగ్రాం ఇస్తారా?” అంది. ఇస్తే ఏమని ఇవ్వను? ఆవిడ ఒక్కొక్క మాటా పైకి చదివి లెక్కపెడుతుంది. వెనక వరసలో అయిదుగురు.

విప్పావా? ఒక్క ముక్క రాయి.

పాలీ

బ్రాక్‌రిగ్,
17 జూన్

క్లారా,

ఎనిమిది రోజులయింది. పోస్టు మనిషి వచ్చే వేళకి రోజూ గేటు దగ్గరికి వెళ్ళి నిలబడుతున్నాను. చచ్చిపోతున్నాననుకున్నప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు. తిట్టు, రాయి, ఏదైనా సరే.

ఊపిరితిత్తుల సంగతి ఇక్కడి అసలు డాక్టరు చూశాడు. బతుకుతాను కాని దూదిలోకి తిరిగి వెళ్ళకూడదన్నాడు. టైసన్ గారు ఇక్కడే ఉండి అతిథుల పనిలో సాయం చెయ్యమంటోంది. నీతో మాట్లాడకుండా నేను ఏదీ చెప్పలేను.

పాలీ

బర్న్‌లీ,
20 జూన్

పాలీ,

విప్పాను. వంటింట్లో నిలబడి చదివాను, కూర్చోలేదు. రెండోది రెండు రోజులకి వచ్చింది. అది చదివి కూర్చున్నాను.

పది రోజులుగా రాస్తున్నాను, చింపుతున్నాను. ఇది అయిదోది.

నా కళ్ళల్లో నీళ్ళున్నాయి కాని నేను గుడ్డిదాన్ని కాదు. వాడు తల అడ్డంగా ఊపడం నేనూ చూశాను. చూసి, నాకు కనబడలేదు అన్నాను. ఎందుకంటే షెడ్డు మొత్తంలో నీ కళ్ళంత మంచి కళ్ళు లేవు, నువ్వు వేరేగా చదివితే నేనే తప్పు చూశానని నమ్మవచ్చు. నువ్వు వేరేగానే చదివావు. నా కళ్ళని కాదని నీ కళ్ళని నమ్మాను. మూడేళ్ళు. ఆ మూడేళ్ళూ పోస్టు మనిషి కోసం గుమ్మంలో నిలబడ్డాను. ఇప్పుడు ఎనిమిది రోజుల్లో నీకూ అదెలా ఉంటుందో తెలిసింది కదా.

మూడో ఏడు వాల్టర్ వాళ్ళక్క మార్కెట్లో కనబడి పెళ్ళి ఫొటో చూపించింది. పెళ్ళికూతురు బొద్దుగా ఉంది. ఆ రోజే నాకు నీ అబద్ధం సంగతి తెలిసిపోయింది. నీకు చెప్పలేదు.

స్టాన్లీని నీ వల్ల కాదన్నానని రాశావు. నీకంత గొప్ప ఎక్కడిది? స్టాన్లీ నోరు మూసుకుని తినలేడు, అందుకు కాదన్నాను. ఎదురు చూస్తోంది పాపం అని అందరూ నన్ను వదిలేశారు, అది నాకు బాగా పనికొచ్చింది. మిగతా పదిహేనేళ్ళూ నావే. వాటిని నీ ఖాతాలో వేసుకుని ఏడవకు.

కాని పాలీ, ఒకటి చెప్తాను. ఆ పదిహేనేళ్ళూ నీ ఎదురుగా నిలబడి నీ నోరు చూస్తూనే ఉన్నాను. ఇవాళ చెప్తుంది, రేపు చెప్తుంది అని. వాన గురించి చెప్పావు, చేపల ధర గురించి చెప్పావు, చర్చిలో ఎవరి టోపీ బాగుందో చెప్పావు. నేను ఎదురు చూసింది వాల్టర్ కోసం కాదే. నీ ఆ ఒక్క మాట కోసం.

అది చివరికి వచ్చింది, చావు భయంతో వచ్చింది. నా మొహం మళ్ళీ చూడక్కర్లేదని తెలిశాక వచ్చింది. బతికుంటానని తెలియగానే పొయ్యిలో పడెయ్యమన్నావు. నువ్వు చెప్పిన అబద్ధం కాదు, ఇదే నన్ను నొప్పించింది.

సెలవుల వారంలో బుధవారం వస్తాను. ఒక్క రోజే. ఈ సంగతి ఎత్తావంటే వచ్చిన బస్సులోనే వెనక్కి వెళ్ళిపోతాను. చెప్పాల్సింది ఉంటే నేనే చెప్తాను.

ముసలాయనకి పొగాకు తెస్తాను. నువ్వు నవ్వినందుకు.

క్లారా

బ్రాక్‌రిగ్,
8 జులై

క్లారా,

నువ్వు నిన్న రాత్రే ఇల్లు చేరి ఉంటావు, అప్పుడే రాస్తున్నాను.

ఎత్తలేదు, చూశావుగా. చెరువు చుట్టూ నడిచాం, నీ మడమ బొబ్బలెక్కింది, కొండలు మరీ ఎక్కువగా ఉన్నాయన్నావు. జోస్ తాత నీకు గొర్రెలని లెక్కపెట్టే ఇక్కడి పాత అంకెలు నేర్పాడు, పొగాకు జేబులో వేసుకుని, “ఈ పిల్ల బాగుంది, ఇది నవ్వదు” అన్నాడు. అల్లం రొట్టె మూడు ముక్కలు తిన్నావు. సాయంత్రం అయిదు దాకా నీ నోటి నుంచి నువ్వే చెప్తానన్న మాట వస్తుందేమోనని నీ మొహమే చూస్తున్నాను. “ఎందుకే అలా గుడ్లప్పగించి చూస్తావు?” అన్నావు. పదిహేనేళ్ళు నువ్వు నన్ను ఎలా చూశావో అప్పుడు అర్థమయింది.

బస్సెక్కావు. కిటికీ పక్కనే కూర్చున్నావు. కిటికీ తెరుచుకునేదే, నేను చూశాను, నీ ముందు సీటావిడ తెరుచుకుంది కూడా. నువ్వు తెరవలేదు. బస్సు కదిలేముందు అద్దం వెనక నుంచి అన్నావు.

“ఎదురు చూడు” అన్నావా, “ఎదురు చూడకు” అన్నావా?

తల కదపలేదు. నిలువుగానూ కాదు, అడ్డంగానూ కాదు. కావాలనే బిగపట్టుకుని కూర్చున్నావని నాకు తెలుసు. పక్కన నిలబడ్డ టైసన్ గారిని అడిగాను. “నాకేం తెలుసమ్మా, పెదాలు తడుపుకుందేమో” అంది.

ఇక్కడే ఉండిపోతానని ఆవిడకి ఈ పొద్దున మాట ఇచ్చాను. చావు భయం లేదు, ఎవరూ తొందరపెట్టలేదు, అందుకని ఇది ఇప్పుడు చెప్తున్నాను: ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను, తప్పు చేశాను, ఇన్నేళ్ళూ చెప్పకపోవడం అంతకంటే పెద్ద తప్పు. ఈ ఉత్తరం పొయ్యిలో వెయ్యకు.

నువ్వన్నది ఏమిటో రాయక్కర్లేదు. నాకు ఇష్టమైనట్టు చదువుకోను, ఈసారి చదవనే చదవను. బర్న్‌లీ బస్సు ఆదివారం పదకొండింటికి వస్తుంది. నేను స్టాపు దగ్గర ఉంటాను. ఈ ఆదివారం నువ్వు రావని తెలుసు, అయినా ఉంటాను. ఆ పై ఆదివారం కూడా.

పాలీ